సైకిలూ బండే: బెంగళూరు రోడ్డు మీద దాని చోటెక్కడ?

"పక్కగా పో నాయనా." సైకిల్ తీసుకుని బయటికి పోయే పిల్లవాడికి మన ఊళ్ళలో పెద్దవాళ్ళు చెప్పే మొదటి జాగ్రత్త ఇదే. ఊళ్ళో అయితే ఆ మాట సరైనదే. హిందూపురం దగ్గరో, మదనపల్లె దగ్గరో ఒంటి వరస తారు రోడ్డు మీద ఎప్పుడో ఒక లారీ వస్తుంటే, తారు దిగి మట్టి అంచుకు జరగడమే క్షేమం. ఆ అంచు ఖాళీగా ఉంటుంది. గుంత ఉన్నా దూరం నుంచే కనిపిస్తుంది. లారీ పోయాక మళ్ళీ తారెక్కవచ్చు.

బతుకుతెరువుతో పాటు ఆ మాట కూడా బెంగళూరుకు వచ్చేసింది. మారతహళ్ళి, మున్నేకొళాల, కె.ఆర్. పురం వైపు తెల్లవారుజామున ఐదున్నరకు రోడ్డు పక్కన నిలబడితే తెలుస్తుంది. క్యారియర్‌కు టీ ఫ్లాస్కులు కట్టుకుని సైట్ల దగ్గరికి పోయే అనంతపురం మనిషి, నైట్ డ్యూటీ దిగి గదికి పోయే సెక్యూరిటీ గార్డు, పేపర్ వేసే కుర్రాడు, శనాదివారాలైతే హెల్మెట్ పెట్టుకుని నంది కొండకు బయలుదేరే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాళ్ళ సైకిళ్ళ ధరల్లో భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంది. కానీ చాలామంది పోయేది ఒకే చోట: రోడ్డు ఎడమ అంచును పట్టుకుని, కాలువ మూతల మీదుగా. ఈ నగరంలో సైకిల్‌కు ప్రమాదం పొంచి ఉండేది సరిగ్గా అక్కడే.

ఆ అంచును దగ్గర్నుంచి చూడాలి. వైట్ టాపింగ్ పేరుతో కాంక్రీట్ వేసిన రోడ్డయితే, కాంక్రీట్ పలక అయిపోయే చోట, పక్కన పరిచిన టైల్స్ మొదలయ్యే చోట పొడవాటి సందు ఒకటి ఉంటుంది. సన్న టైరు అందులో దిగిందంటే హ్యాండిల్ తిప్పినా చక్రం మాట వినదు. బండి అక్కడే ఇరుక్కుంటుంది, మనిషి మాత్రం పక్కకు పడతాడు. ఆ పడేది వెనక బస్సు వస్తున్న వైపుకే కావచ్చు. నాలుగు గజాలు దాటాక వాన నీటి కాలువ మీద ఇనుప జాలీ వస్తుంది. దాని కమ్మీలు రోడ్డు పోయే దిక్కుకే ఉంటే మధ్య సందు సైకిల్ టైరుకు కొలిచి పెట్టినట్టు ఉంటుంది. ఆ తర్వాత ఎవరో ఆపి పెట్టిన కారు. దాని తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో లోపలున్న వాళ్ళకే తెలియాలి. వీటిలో ఒక్కొక్కటి ఎదురైనప్పుడల్లా సైకిల్ మనిషి ఉన్నట్టుండి కుడికి జరుగుతాడు. వెనక వచ్చే క్యాబ్ డ్రైవరుకు ఆ సంగతి ముందుగా తెలిసే దారి లేదు. "సైకిల్ వాడు అడ్డం వచ్చాడు" అని అతను చెప్పేది అబద్ధం కాదు. అడ్డం వచ్చేలా చేసింది ఆ అంచు.

కాబట్టి సైకిల్‌కు సంబంధించిన నియమాలన్నిటికీ మూలంలో ఉన్న ప్రశ్న ఒకటే. రోడ్డు మీద సైకిల్ ఒక బండా, లేక చక్రాలున్న పాదచారా? తెలుగులో దీనికి జవాబు ఎప్పుడో ఉంది. ఎద్దుల బండి, తోపుడు బండి, మోటారు బండి అన్నట్టే సైకిలూ మనకు బండే. చట్టం కూడా అదే అంటుంది, కాకపోతే చాలా చోట్ల వెతికి కలుపుకుంటే గాని ఆ మాట బయటపడదు.

సైకిల్‌కు అసలు రూల్సే లేవన్న నమ్మకం పుట్టింది 1988 మోటారు వాహనాల చట్టం నుంచి. ఆ చట్టం మోటారు వాహనం అంటే ఇంజను శక్తితోనో, మరో యంత్ర శక్తితోనో నడిచేది అని నిర్వచించింది. తొక్కితే కదిలే సైకిల్ ఆ నిర్వచనంలోకి రాదు. అందుకే లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఏదీ అక్కర్లేదు. హెల్మెట్ తప్పనిసరి చేసే 129వ సెక్షన్ మోటార్ సైకిల్ గురించే మాట్లాడుతుంది. తాగి నడపడం మీద ఉన్న 185వ సెక్షనూ అంతే. ట్రాఫిక్ గుర్తులకు లోబడాలని చెప్పే 119వ సెక్షన్ సైతం మోటారు వాహనం నడిపేవాడినే పేర్కొంటుంది. దీనికి తోడు కూడళ్ళలో కెమెరాలు చలానా పంపేది నంబర్ ప్లేటు చూసి. సైకిల్‌కు ప్లేటే లేదు. ఎర్ర లైటు దాటినా ఇంటికి కాగితం రాదు.

ఇంతవరకే చదివితే సైకిల్‌కు అడ్డే లేదనిపిస్తుంది. కానీ మోటారు చట్టం ఒక్కటే రోడ్డు చట్టం కాదు. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో 281వ సెక్షన్ ఉంది. పాత శిక్షాస్మృతిలోని 279కి అది కొత్త అంకె. బహిరంగ దారిలో ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చేలా ఏ వాహనాన్ని నడిపినా ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ వేయవచ్చు. అక్కడ మోటారు అన్న మాట లేదు. దారికి అడ్డం కల్పించే వారికి 285వ సెక్షన్ కింద ఐదు వేల రూపాయల వరకు జరిమానా ఉంది. నిర్లక్ష్యం వల్ల ఎదుటి మనిషి చనిపోతే 106వ సెక్షన్. అది కారు నడిపేవాడికి, సైకిల్ తొక్కేవాడికి ఒకటే. రోడ్ల మీద బండ్లు నడిపేవాళ్ళు, సైకిల్ తొక్కేవాళ్ళు, నడిచేవాళ్ళు అందరి రాకపోకలనూ అదుపు చేసే ఉత్తర్వులు ఇచ్చే అధికారం 1963 నాటి కర్ణాటక పోలీసు చట్టం కమిషనరుకు ఇచ్చింది. ఇక అంతర్జాతీయంగా చూస్తే, రోడ్డు రవాణా మీద 1968లో వియన్నాలో కుదిరిన ఒప్పందం సైకిల్ తొక్కే వ్యక్తిని డ్రైవరు అనే పిలుస్తుంది. 1980లో భారతదేశం అందులో చేరింది.

అంటే సైకిల్ మోటారు వాహనం కాదు గానీ వాహనమే. కాగితాల బరువు దానికి లేదు, రోడ్డు మీది బాధ్యత మాత్రం ఉంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతావన్నీ వరసగా అర్థమవుతాయి.

బండి అయినప్పుడు ఎడమ వైపునే పోవాలి, రాంగ్ రూట్‌లో పోకూడదు. ఎదురుగా వచ్చే బండ్లు కనిపిస్తాయి కదా, రాంగ్ రూటే క్షేమం అని కొందరు గట్టిగా నమ్ముతారు. నడిచేవాడికి అది నిజం కావచ్చు, సైకిల్‌కు కాదు. గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో పోయే సైకిల్, నలభైతో వచ్చే బైకు ఒకే దిక్కులో ఉంటే వాటి మధ్య తేడా ఇరవై ఐదు. ఎదురెదురైతే యాభై ఐదు. పైగా సందులోంచి మెయిన్ రోడ్డెక్కే ఆటో డ్రైవరు చూసేది తన కుడి వైపు, బండ్లు వచ్చే వైపు. ఎడమ నుంచి సైకిల్ వస్తుందని అతను అనుకోడు. ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్ల మీద ఇది రోజూ కనిపించే దృశ్యం. యు టర్న్ చాలా దూరంలో ఉండడం దీనికి అసలు కారణం, ఆ కష్టం నిజమైనదే. దానికి మార్గం దిగి ఫుట్‌పాత్ మీద సైకిల్ నడిపించుకుంటూ పోవడం. తోసుకుంటూ పోయేవాడు పాదచారి. ఎక్కి తొక్కితే మళ్ళీ బండే. జీబ్రా గీతల దగ్గరా అంతే, దిగి దాటితేనే పాదచారి హక్కు వర్తిస్తుంది.

ఎడమ వైపు అంటే ఎడమ అంచు అని కాదు. రోడ్డు అంచు నుంచి కనీసం ఒక మీటరు లోపలికి, ఆగిన కార్లుంటే వాటి తలుపు పూర్తిగా తెరిచినా తగలనంత దూరంలో, నేరుగా ఒకే గీత మీద పోవాలి. కార్ల మధ్య ఖాళీ దొరికింది కదా అని ఎడమకు దూరి, మళ్ళీ బయటికి రావడం మానుకోవాలి. లేన్ మరీ సన్నగా ఉండి, పక్క నుంచి కారు క్షేమంగా దాటే వీలే లేని చోట, లేన్ మధ్యలో ఉండడమే మంచిది. వెనక హారన్లు మోగుతాయి. మోగాయంటే సైకిల్ వాళ్ళ కంట్లో పడిందన్నమాట. రోడ్డు వెడల్పు కాగానే పక్కకు జరిగి దారి ఇస్తే సరిపోతుంది. ఊరి నుంచి వచ్చిన "పక్కగా పో" అన్న మాటను ఇక్కడ కొంచెం మార్చి, "నేరుగా పో" అని చెప్పాలి.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావలసింది కూడళ్ళలో, అందులోనూ ఎడమకు తిరిగే పెద్ద బండ్ల దగ్గర. సిగ్నల్ పడి లారీయో, బస్సో ఆగింది. దాని ఎడమ పక్కన సైకిల్ పట్టేంత దారి ఉంది. ముందుకు పోయి నిలబడదామని సైకిల్ అందులోకి దూరుతుంది. ఎత్తైన సీటులో కుడి వైపు కూర్చున్న డ్రైవరుకు ఎడమ తలుపు కింద ఉన్న మనిషి అద్దంలోనూ కనిపించకపోవచ్చు. పచ్చ లైటు పడి లారీ ఎడమకు తిరిగిందంటే, ముందు చక్రాలు దాటిపోతాయి గానీ వెనక చక్రాలు అంత వెడల్పుగా తిరగవు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఆ సందులో ఉన్న సైకిల్‌కు తప్పించుకునే చోటు ఉండదు. కాబట్టి పెద్ద బండికి ఎడమ పక్కన దూరడం అసలు వద్దు. దాని వెనకే, లేన్ మధ్యలో, డ్రైవరు అద్దంలో కనిపించేలా ఆగాలి. బస్టాపు దగ్గర నెమ్మదించే బస్సు విషయంలోనూ ఇదే పద్ధతి. బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య దూరితే దిగే ప్రయాణికులు తగులుతారు, లేకపోతే బస్సే నొక్కేస్తుంది.

కుడికి తిరగడం ఇంకో పెద్ద టెన్షన్. ట్రాఫిక్ తక్కువున్న చోట ముందుగానే వెనక్కి చూసి, కుడి చెయ్యి చాపి, ఒక్కో లేన్ మారుతూ పోవచ్చు. సిల్క్ బోర్డు, టిన్ ఫ్యాక్టరీ లాంటి రద్దీ కూడళ్ళలో అది సాహసమే. అక్కడ రెండు విడతల్లో తిరగడం మేలు. ముందు ఎడమ పక్కనే ఉంటూ నేరుగా కూడలి దాటాలి. అవతలి మూలలో ఆగి, సైకిల్‌ను కావలసిన దిక్కుకు తిప్పుకుని, ఆ వైపు పచ్చ లైటు పడ్డాక మిగతా బండ్లతో కలిసి పోవాలి. ఒక నిమిషం ఎక్కువ పడుతుంది. డెన్మార్క్‌లో సైకిళ్ళకు ఇది నియమమే.

చేతి సైగలు మన దగ్గర మరుగున పడిపోయాయి. కుడికైతే కుడి చెయ్యి బారుగా చాపడం, ఆగేటప్పుడు కుడి ముంజేతిని పైకెత్తడం, నెమ్మదించేటప్పుడు చాపిన చేతిని అరచెయ్యి కిందికి ఉంచి పైకీ కిందికీ ఆడించడం. ఎడమకు తిరిగేటప్పుడు కుడి చేతినే గడియారం ముళ్ళకు వ్యతిరేకంగా తిప్పాలని పాత డ్రైవింగ్ పాఠం. అది కారులో కుడి కిటికీ దగ్గర కూర్చున్న వాడి కోసం పుట్టింది. సైకిల్ మీద ఎడమ చెయ్యి చాపితే అందరికీ తేలిగ్గా అర్థమవుతుంది.

ఫ్లైఓవర్ల సంగతికొస్తే, అడ్డుకునేది అక్కడి బోర్డే. ఎర్ర వలయంలో సైకిల్ బొమ్మ ఉంటే ఎక్కకూడదు. నీలి వలయంలో తెల్ల సైకిల్ ఉంటే అది సైకిల్ ట్రాక్. బోర్డు లేకపోయినా, కింద రోడ్డు ఉన్నప్పుడు పొడవాటి ఫ్లైఓవర్ జోలికి పోకపోవడమే మంచిది. బెంగళూరు మైసూరు హైవే సంగతి వేరు, అక్కడ స్పష్టమైన నిషేధమే ఉంది. 2023 ఆగస్టు 1 నుంచి ప్రధాన దారి మీద బైకులు, ఆటోలు, ట్రాక్టర్లతో పాటు మోటారు లేని బండ్లను కూడా నిషేధించారు. సైకిల్ పోవలసింది సర్వీస్ రోడ్డు మీదే.

బ్యాటరీ సైకిళ్ళ గురించి తల్లిదండ్రులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలకు మించనిది, బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉన్నది అయితేనే అది సైకిల్ లెక్క. ఆ హద్దు దాటితే పెడల్స్ ఉన్నా సరే మోటారు వాహనమే. లైసెన్సు, నంబరు, ఇన్సూరెన్స్, హెల్మెట్ అన్నీ కావాలి. వేగం పెంచుకోవడానికి దుకాణంలో వైరు మార్పించిన బండిని పదిహేనేళ్ళ పిల్లవాడు నడిపి ఎవరినైనా గుద్దితే, మోటారు వాహనాల చట్టంలోని 199ఎ సెక్షన్ నేరుగా తల్లిదండ్రుల మీదికీ, బండి యజమాని మీదికీ వస్తుంది: మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా.

పట్టుకునేవాడు లేనప్పుడు రూలెందుకని అడిగేవాళ్ళకు జవాబు పోలీసు దగ్గర కాదు, మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్లో దొరుకుతుంది. మోటారు బండి గుద్ది గాయపడిన సైకిల్ మనిషికి అదే చట్టంలోని 166వ సెక్షన్ కింద పరిహారం అడిగే హక్కు ఉంది. ప్రతి మోటారు బండికీ తప్పనిసరిగా ఉండాల్సిన థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ నుంచే ఆ డబ్బు వస్తుంది. ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు వేసే మొదటి ప్రశ్న సైకిల్ ఎటు వైపు పోతోంది, లైటుందా అని. తప్పులో సైకిల్ మనిషికీ వాటా ఉందని తేలితే పరిహారంలో ఆ మేరకు కోత పడుతుంది. ఉదాహరణకు పది లక్షలు రావలసిన చోట మూడో వంతు తప్పు ఇతనిదని నిర్ణయిస్తే మూడు లక్షలకు పైగా పోతాయి. ఇంటికి సంపాదించి పెట్టే ఒక్కడూ మంచాన పడినప్పుడు ఆ మూడు లక్షలు ఏమిటో ఆ ఇంటివాళ్ళకే తెలుసు.

గుద్దిన బండి ఆగకుండా పోతే, అది ఏదో తెలియకపోయినా 161వ సెక్షన్ కింద తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షల రూపాయలు వస్తాయి. 2025లో వచ్చిన నగదు రహిత చికిత్స పథకం ప్రకారం, మోటారు వాహన ప్రమాదంలో గాయపడినవారికి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా, గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో చికిత్స అందాలి. పడిన మనిషిని ఆసుపత్రికి చేర్చినవారిని కేసుల్లో ఇరికించకుండా 134ఎ సెక్షన్ కాపాడుతుంది. సైట్లలో పనిచేసే మనవాళ్ళకు, భాష రాదన్న భయంతో స్టేషన్ గడప తొక్కనివాళ్ళకు ఈ నాలుగు ముక్కలు చేరడం చాలా అవసరం. సైకిలే ఎవరినైనా గుద్దితే కట్టడానికి ఇన్సూరెన్స్ ఉండదన్నది ఇందులోనే ఉన్న రెండో వైపు.

ఇక నగరం తన వంతు ఏం చేసింది? జయనగర్‌లో 2012లో సైకిల్ ట్రాకులు గీశారు. చాలా చోట్ల అవి కార్లు ఆపుకునే జాగాలయ్యాయి. 2020లో కోవిడ్ రోజుల్లో పట్టణ భూ రవాణా డైరెక్టరేట్ సిల్క్ బోర్డు, కె.ఆర్. పురం మధ్య ఔటర్ రింగ్ రోడ్డు మీద స్తంభాలు పాతి సైకిల్ దారి వేయడం మొదలుపెట్టింది. రద్దీ దారిలో మోటారు బండ్ల నుంచి సైకిల్‌ను వేరు చేసిన మంచి ప్రయత్నం అది. స్తంభాల మధ్య నుంచి బైకులు దూరాయి. తర్వాత మెట్రో పనులు వచ్చి ఆ దారే పోయింది. ఫుట్‌పాత్ మీదా, సైకిల్ ట్రాక్ మీదా మోటారు బండి నడపకూడదని 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే రాశారు. రాసినదాన్ని అమలు చేయకుండా సైకిల్ వాళ్ళకు మాత్రం క్రమశిక్షణ నేర్పుతామంటే అది న్యాయం కాదు.

రాయనివీ ఉన్నాయి. సైకిల్‌ను దాటేటప్పుడు ఎంత దూరం వదలాలో మన చట్టంలో కొలత లేదు. జర్మనీలో 2020 నుంచి ఊళ్ళో ఒకటిన్నర మీటరు, ఊరి బయట రెండు మీటర్లు అని అంకె వేసి చెప్పారు. ఇక్కడ కూడా ఆ అవకాశం ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో వచ్చిన 138(1ఎ) సెక్షన్, మోటారు లేని బండ్లకూ పాదచారులకూ సంబంధించిన నియమాలు చేసే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. ఆ నియమాలను ఆరు నెలల్లో తయారు చేయాలని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. దాటే దూరానికి కొలత, ఎడమకు తిరిగే బండి సైకిల్‌కు దారి ఇవ్వాలన్న నియమం, ట్రాక్ మీద బండి ఆపితే జరిమానా, కాలువ జాలీల కమ్మీలు రోడ్డుకు అడ్డంగానే ఉండాలన్న షరతు: కనీసం ఈ నాలుగైనా వాటిలో ఉండాలి. రోడ్డు నిర్మాణంలో లోపం వల్ల మనిషి చనిపోయినా, అంగవైకల్యం వచ్చినా సంబంధిత సంస్థకు లక్ష రూపాయల దాకా జరిమానా వేసే 198ఎ సెక్షన్ ఇప్పటికే ఉంది. జాలీ విషయంలో దాన్ని వాడమని అడిగేవాళ్ళు కావాలి.

ఈలోగా చీకటి సంగతి. ఒకప్పుడు మన పట్టణాల్లో లైటు లేని సైకిల్‌ను పోలీసులు ఆపి చక్రాల్లో గాలి తీసేవారు. డైనమో చక్రానికి ఆనించి తొక్కితే కాళ్ళు లాగేవి, అయినా ఆ భయానికి లైటు వెలిగేది. ఆ భయం పోయాక లైటూ పోయింది. కొత్త సైకిల్‌కు ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్రది, పెడల్స్‌కు, చక్రాలకు పసుపువి వస్తాయి. టీ అమ్మే మనిషి సైకిల్‌కు కూడా వెనక ఎర్రది ఉంటుంది, కానీ అది క్యారియర్ కిందే ఉంటుంది. దాని మీద నుంచి ఫ్లాస్కుల సంచి, గ్లాసుల బుట్ట, చెత్త వేసే కవరు వేలాడుతుంటాయి. వెనక వచ్చే కంపెనీ క్యాబు లైటు ఆ సంచి మీద పడుతుంది, రిఫ్లెక్టరు మీద కాదు. దాన్ని విప్పి మడ్‌గార్డు చివర, సంచి అందనంత కిందికి బిగించి, సంచి వెనక ఒక చిన్న ఎర్ర బ్లింకర్ తగిలిస్తే చాలు. స్క్రూడ్రైవర్ ఉంటే పది నిమిషాల పని.